ఎవరి చెయ్యీ లేని టైంటేబుల్

ఆ బడిలో లెక్కల టీచరుకి పిల్లలు పెట్టుకున్న పేరు నిప్పుకోడి. నిజం నిప్పుకోడి ఎక్కడో ఎడారుల్లో పరుగులు తీసే పక్షి అనీ, దాని గొప్పంతా కోపంలో కాదు కాళ్ళలో ఉందనీ వాళ్ళకు తెలియదు. నిప్పులాంటి కోపం, కోడిలా పొద్దున్నే గొంతెత్తడం, రెండూ కలిపితే ఆవిడే అని వాళ్ళ లెక్క. ఆ పేరు సంగతి ఆవిడకూ తెలుసు. ఒకసారి బోర్డు మీద కోడి బొమ్మ గీసినవాణ్ణి పట్టుకుని, "కాలికి ముందు వేళ్ళు గీసి ఊరుకుంటే సరా? వెనకాల వేలు మీ తాత గీస్తాడా?" అని కేకలేసి, ఆ వేలు కూడా గీయించాకే చెరిపించింది.

కోపం ఆవిడకు పుట్టింటి ఆస్తి. తండ్రి బట్టల కొట్టులో గజంబద్ద పట్టినవాడు. కొలతలో వేలెడు తగ్గించమన్న యజమాని చేతిలోనే ఆ బద్ద పెట్టి, "నువ్వే కొలుచుకో" అని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఇంట్లో గడవడం కష్టమైంది కానీ, కూతుళ్ళలో ఒక్కరూ ఆయన్ని తప్పుపట్టలేదు. వాళ్ళలో నడిపిది లెక్కల టీచరైంది.

ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చిన బి సెక్షన్‌ ఆవిడ చేతికొచ్చింది కూడా కోపంతోనే. వాళ్ళు ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్టాఫ్ రూములో ఆ సెక్షన్‌ని గోదాము అనేవాళ్ళు. మధ్యలో బడి మారి వచ్చినవాళ్ళనీ, నాలుగో ఎక్కం దగ్గరే ఆగిపోయినవాళ్ళనీ, ఇంకెక్కడా ఇమడనివాళ్ళనీ తెచ్చి అందులో పడేసేవాళ్ళు. ఆ ఏడు మీటింగులో ఎవరో, "ఆ క్లాసుకి ఎవరు వెళ్తే ఏముందిలెండి" అన్నారు. నిప్పుకోడి కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఏమీ లేకపోతే నేనే వెళ్తాను" అంది.

వెళ్ళాక తెలిసింది, ఆ పిల్లలకు తప్పు రాయడమంటే ప్రాణభయం. అడిగిందానికి జవాబు రాకపోతే ఖాళీ వదిలేస్తారు. అందుకని ఆవిడ మొదటివారమే చెప్పేసింది. "తప్పు రాస్తే తిట్టను. ఖాళీ వదిలితే మాత్రం మీ పని పడతా." భిన్నాలు చెప్పడానికి పాత క్యాలెండర్లు తెచ్చి పట్టీలుగా కత్తిరించింది. గదిని అడుగులతో కొలిపించింది, ఎవరి అడుగు ఎంతో కొట్లాడుకోనిచ్చింది. తప్పులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఆవిడ గొంతు బడంతా వినిపించింది. మెల్లమెల్లగా లెక్కలు కూడా వచ్చాయి.

వాళ్ళలో దూది అని ఒక పిల్ల ఉండేది. మాట అంత మెత్తగా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. ఆరో తరగతంతా నోరు విప్పలేదు. ఏడో తరగతిలో ఒకరోజు లేచి నిలబడి, "టీచర్, అక్కడ మీరు తప్పేశారు" అంది. టీచరు బోర్డు వైపు తిరిగి చూసింది. నిజంగానే తప్పేసింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. పదో తరగతి దాకా వీళ్ళను వదలకూడదని అప్పుడే అనుకుంది. ఆ మాట పిల్లలతో కూడా అనేసింది.

అప్పటిదాకా బడి టైంటేబుల్ వేసేది డ్రాయింగ్ మాస్టారు. పెద్ద అట్ట మీద రంగు కాగితం ముక్కలు గుండుసూదులతో గుచ్చి వేసేవాడు. సెలవుల్లో ఆయనింటికి వెళ్ళి పలకరించి వచ్చినవాళ్ళకు మంచి పీరియడ్లు పడేవి. కొత్తగా చేరినవాళ్ళకు ఎప్పుడూ ఆఖరి పీరియడే, అదీ ఎండ కొట్టే గదిలో. ఆయన రిటైరయ్యాక, ఏ టీచరు ఏ క్లాసుకి, ఏ గంటకి వెళ్ళాలో తనంతట తనే తేల్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చిందని హెడ్మాస్టరు చెప్తే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నిప్పుకోడే. "యంత్రానికి మొహమాటాలుండవు. మంచిదే" అంది.

బడి తెరిచిన రోజు నోటీసు బోర్డు మీద కొత్త టైంటేబుల్ అంటించారు. గళ్ళు గళ్ళుగా, రంగు రంగులుగా చూడముచ్చటగా ఉంది. నిప్పుకోడి తన గడి వెతుక్కుంది. పదో తరగతి ఉంది. తొమ్మిది ఉంది. ఎనిమిది బి లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎనిమిది బి లెక్కలకు ఎదురుగా, కిందటేడే చేరిన చిన్న టీచరు పేరు ఉంది.

"అదృష్టవంతురాలివి వదినా! గోదాము వదిలింది, పదో తరగతి దొరికింది. ఎప్పుడిస్తున్నావు పార్టీ?" అంది పక్కన నిలబడ్డ కుట్టుపని టీచరు. ఇద్దరికీ వరసేమీ లేదు, స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కూర్చుని కలిసిన వరస.

నిప్పుకోడి నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన చల్లగా నవ్వే మనిషి. ఏం జరిగినా ఆ నవ్వు చెరగదు.

"సార్, నా క్లాసు నాకు లేదు."

"చూశాను మేడమ్. ఏం చేస్తాం? కంప్యూటర్ అలా ఇచ్చింది."

"ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదండీ, అదే చెప్తున్నా. ఇందులో ఎవరి చెయ్యీ లేదు. పాతకాలంలోలా మాటలు పడక్కర్లేదు కదా! అయినా మీలాంటి సీనియర్‌కి పదో తరగతి రావడం న్యాయమే."

పోట్లాడటానికి ఎదుట మనిషి ఉండాలి. గాలిని కొడితే చెయ్యి నొప్పి తప్ప ఏముంది? నిప్పుకోడికి జీవితంలో మొదటిసారి కోపం వచ్చి కూడా ఎవరి మీద పడాలో తెలియలేదు. వెనక్కి వచ్చి, ఆఖరి పీరియడ్ గంట కొట్టాక సుద్దముక్క తీసుకుని పదో తరగతికి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగాయి. గదిలోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని సామెత. ఆ దుత్తనేం చేయకు, నాకు దాంతో పనుంది. నా మీదైతే నాకే చెప్పు."

"మీ మీద కాదు అత్తయ్యా."

"మరెవరి మీద?"

"అదే తెలియట్లేదు."

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు. "మాకూ అంతే కదా. రూటు మారుస్తారు. నిన్నటిదాకా ఎక్కినవాళ్ళు ఎవరో, రేపు ఎక్కేవాళ్ళు ఎవరో. అలవాటైపోతుందిలే" అన్నాడు.

"మీ బస్సెక్కినవాళ్ళు దిగిపోవడానికే ఎక్కుతారండీ" అంది ఆవిడ. ఆయనకు ఆ మాట నిజమే అనిపించింది కాబోలు, బూట్లు ఎప్పటిలా విసిరేయకుండా పక్కన సర్దిపెట్టాడు.

తర్వాతి రోజుల్లో ఆవిడ తొమ్మిదో తరగతిలో ఉంటే పక్క గదిలోంచి ఎనిమిది బి గోల వినిపించేది. బల్లలు లాగుతున్న చప్పుడు, ఈలలు, వాటి అడుగున ఎక్కడో చిన్న టీచరు సన్నటి గొంతు. ఆ గోల విన్నప్పుడల్లా నిప్పుకోడికి లోపల తియ్యగా ఉండేది. నేను లేకపోతే అంతే మరి అనుకునేది. ఒకరోజు చిన్న టీచరు కళ్ళు ఎర్రగా చేసుకుని స్టాఫ్ రూముకొచ్చి, "మేడమ్, మీరు వాళ్ళనెలా పట్టేవారు?" అని అడిగింది.

"ఆ కంప్యూటర్నే అడుగమ్మా, అన్నీ తెలిసి ఇచ్చింది కదా" అంది నిప్పుకోడి, దిద్దుతున్న పేపర్లోంచి తలెత్తకుండా. చిన్న టీచరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అలా ఎన్నాళ్ళు సాగేదో. ఒక మధ్యాహ్నం మంచినీళ్ళ కుళాయి దగ్గర దూది ఎదురైంది. తప్పించుకుపోబోయింది. నిప్పుకోడి ఆపింది.

"ఏమే, కనబడనట్టు పోతున్నావు?"

దూది సీసా మూత తిప్పుతూ నేల చూసింది. "టీచర్, మేము వద్దని మీరే రాసిచ్చారంట కదా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. మంచి క్లాసు అడిగి తీసుకున్నారంట. మేమెలాగూ పాసవ్వం అని..." ఆ తర్వాతి మాట మెత్తగా కూడా రాలేదు. సీసా నిండకుండానే పట్టుకుని పరుగెత్తింది.

నిప్పుకోడి కారుతున్న కుళాయి కట్టింది. ఇన్నాళ్ళూ తన క్లాసు పోయిందని కోపం. పక్క గది గోల విని తాను సంతోషిస్తుంటే, ఆ గోల చేసేవాళ్ళు తమను పారేశారనుకుని చేస్తున్నారు. యంత్రం ఇచ్చిందన్న మాట పెద్దవాళ్ళకు సరిపోతుంది. పిల్లలకు సరిపోదు. వాళ్ళకు ఏది జరిగినా ఎవరో ఒకరు చేసి ఉండాలి. ఇక్కడ ఎవరూ చేయలేదంటున్నారు కాబట్టి, చేసింది నిప్పుకోడి అయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది ఆవిడకు. ఆ మంటతోనే కంప్యూటర్ రూముకి నడిచింది.

కంప్యూటర్ సారు కుర్రవాడు, మెతకమనిషి. సాఫ్ట్‌వేర్ నడిపింది అతనే.

"బాబూ, ఆ టైంటేబుల్ ఎలా వచ్చిందో నాకు చూపించు."

"అది ఆటోమేటిక్ మేడమ్. బటన్ నొక్కితే..."

"నేను లెక్కల టీచర్ని. జవాబొక్కటే చూపిస్తే మార్కులివ్వను. స్టెప్పులు చూపించు."

అతను తలుపు వైపు ఒకసారి చూసి, తెర మీద ఒక పేజీ తెరిచాడు. అందులో నియమాలున్నాయి. ఒక టీచరు ఒకే గంటకు రెండు క్లాసుల్లో ఉండకూడదు. సైన్సు లాబు ఒకసారికి ఒకే క్లాసుకి. ఇలా. ఒక్కో నియమం పక్కన తప్పనిసరి అనో, వీలైతే అనో పెట్టాలి. కంప్యూటరు తప్పనిసరివన్నీ పాటిస్తుంది. వీలైతే అన్నవాటిని కుదిరితే పాటిస్తుంది, కుదరకపోతే వదిలేస్తుంది.

"ఇదిగో మేడమ్, 'కిందటేటి టీచరే కొనసాగాలి' అని ఒకటుంది. మొదట తప్పనిసరే పెట్టాను. నిజంగా. కానీ ఎన్నిసార్లు నొక్కినా కుదరదని వచ్చింది. ఏదో ఒకటి సడలించమన్నారు సారు. దీన్ని తీసేశాం."

"దీన్నే ఎందుకు?"

అతను నసిగాడు. "పదో తరగతికి చరిత్ర హెచ్.ఎం. గారే చెప్తారు కదా. ఆయనకు మొదటి పీరియడ్ వద్దు, ఆఖరిదీ వద్దు. అది తప్పనిసరి. ఆయన మధ్య గంటలు తీసుకునేసరికి పదో తరగతి లెక్కలు ఆఖరి పీరియడ్‌కి పోయాయి. కిందటేడు వాళ్ళకి చెప్పింది ఆవిడే కాబట్టి, అసలు పదో తరగతి చిన్న మేడమ్‌కి రావాలి. కానీ ఆవిడకి చంటిబిడ్డ. పిల్లల్ని చూసుకునే చోటు తొందరగా మూసేస్తారు, ఆఖరి పీరియడ్ ఉండలేరు. అదీ తప్పనిసరే. అందుకని పదో తరగతి మీకొచ్చింది. మీ ఎనిమిది బి ఆవిడకి వెళ్ళింది."

నిప్పుకోడి తెర దగ్గరికి కుర్చీ లాక్కుంది. ఎవరి చెయ్యీ లేదన్నారు. ఇక్కడ చూస్తే గడిగడికీ వేలిముద్రలే.

"ఆయనకు మొదటి పీరియడ్ ఎందుకొద్దు?"

కంప్యూటర్ సారు మౌసు అటూ ఇటూ జరిపాడు. చెప్పక్కర్లేదు. హెడ్మాస్టరు బండి మొదటి పీరియడ్ అయిపోయాకే గేటులోకి వస్తుందని ఆ బడిలో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఈసారి హెడ్మాస్టరు గదిలోకి ఆవిడ తలుపు కొట్టకుండానే వెళ్ళింది. విషయం విన్నాక కూడా ఆయన నవ్వు చెరగలేదు.

"ఓస్, అంతేనా! మీ క్లాసు మీకు కావాలి, అంతే కదా? చాలా తేలిక. ఆ చిన్న టీచరు నియమం దగ్గర టిక్కు తీసేయిద్దాం. ఆఖరి పీరియడ్ ఆవిడ ఉంటారు, పదో తరగతి చెప్తారు. మీ పిల్లలు మీకొస్తారు. బిడ్డ సంగతి ఆవిడ చూసుకుంటారు, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి."

ఆ మాటతో నిప్పుకోడికి ఒక్క క్షణం నోరు ఊరిన మాట నిజం. ఒక్క టిక్కు. ఎవరికీ తెలియదు కూడా. కంప్యూటర్ ఇచ్చిందని చెప్పేస్తే సరి. ఆ చిన్న టీచరు కూడా రేపు నోటీసు బోర్డు ముందు నిలబడి, ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక ఇంటికెళ్ళి గిన్నెలు మోగించుకుంటుంది.

"సార్, నేను కూర్చోవడానికి ఆ చంటిపిల్ల తల్లి కింద పీట లాగమంటున్నారా?" గొంతు పెరిగింది. కిటికీ అవతల పావురాలు లేచిపోయాయి. "మీరు పొద్దున్నే నిద్ర లేచి వస్తే చాలు కదా! మీ ఒక్కరి మొదటి పీరియడ్ కోసం ఇంతమంది అటూ ఇటూ అయ్యామా? పైగా ఎవరి చెయ్యీ లేదంటారా?"

"మేడమ్, మొదటి పీరియడ్‌లో నాకు ఆఫీసు పనులుంటాయి."

"ఆఫీసు ఇక్కడుంది సార్. ఆ టైముకి మీరు ఇక్కడుండరు."

అప్పుడు చెరిగింది ఆ నవ్వు. "మీరు హద్దు దాటుతున్నారు" అన్నాడాయన.

"దాటాను. రేపు మీటింగులో ఇంకా దాటుతాను" అని ఆవిడ బయటికొచ్చింది.

అన్నంత పనీ చేసింది. మర్నాడు స్టాఫ్ మీటింగులో లేచి, "ఆ టైంటేబుల్ నియమాలన్నీ పైకి చదివించండి, ఎవరి కోసం ఏది తప్పనిసరి చేశారో అందరం వింటాం" అంది. హెడ్మాస్టరు అది సాంకేతిక విషయమన్నాడు. కుట్టుపని టీచరు, ఎప్పుడూ ఎవరి జోలికీ పోని మనిషి, "వింటే పోయేదేముంది సార్?" అంది. డ్రిల్లు మాస్టారు అవునన్నాడు. కంప్యూటర్ సారు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నిలబడి, చివరికి చదివాడు. హెడ్మాస్టరు నియమం దగ్గరికొచ్చేసరికి అతని గొంతు దూది గొంతంత అయిపోయింది. అయినా అందరికీ వినిపించింది. డ్రిల్లు మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గు ఒక మూల మొదలై గదంతా తిరిగింది.

హెడ్మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. "సరే, వేయండి. మొదటి పీరియడే వేయండి నాకు" అని ఫైలు మూసి లేచిపోయాడు.

బయటికొస్తుంటే చిన్న టీచరు వెనకాలే వచ్చింది. "మేడమ్, నా టిక్కు తీసేయమన్నారంట కదా సారు, మీరు ఒప్పుకోలేదంట. థాంక్స్ మేడమ్."

"థాంక్స్ నాకెందుకు? నువ్వు ఏడుస్తూ వచ్చి అడిగినప్పుడు నేనేమన్నానో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు" అంది ఆ అమ్మాయి సూటిగా చూస్తూ. "చాలా బాధేసింది."

"వేస్తుంది మరి. తప్పు నాది" అంది నిప్పుకోడి. అంతకుమించి ఎలా చెప్పాలో ఆవిడకు రాదు. పదో తరగతికి తాను తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ కట్ట కట్టి మర్నాడు ఆ అమ్మాయి బల్ల మీద పెట్టింది.

క్లాసు తిరిగొచ్చింది కానీ, పిల్లలు అంత తేలిగ్గా తిరిగి రాలేదు. మొదటి రోజు ఆవిడ లోపలికి వెళ్తే ఒక్కరూ ముఖం ఎత్తి చూడలేదు. లెక్క ఇస్తే సగంమంది ఖాళీ వదిలేశారు. అది చూసి ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏ నియమం ఎవరిదో, ఏది తీసేస్తే ఏమైందో బోర్డు మీద గళ్ళు గీసి చూపించింది. పిల్లలకు అలా చెప్పకూడదని తర్వాత కొందరు అన్నారు. "వాళ్ళ గురించి అబద్ధం చెప్పొచ్చు, నిజం చెప్పకూడదా?" అని వాళ్ళ మీదా పడింది.

"మళ్ళీ మారుస్తారా టీచర్?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు.

"ఏమో. మారిస్తే ఊరుకోను. అంతవరకే చెప్పగలను. ముందు ఆ ఖాళీలు నింపండి, తప్పో ఒప్పో."

హెడ్మాస్టరు ఊరుకోలేదు. ఎవరైనా టీచరు సెలవు పెడితే వాళ్ళ క్లాసుకి ఎవరిని పంపాలో తేల్చేది ఆయనే, దానికి సాఫ్ట్‌వేర్ లేదు. ఆ ఏడంతా ప్రతి ఖాళీ పీరియడూ నిప్పుకోడికే పడింది. సంగీతం క్లాసులో కూర్చుంది, డ్రిల్లులో ఎండలో నిలబడింది. కాళ్ళు వాచాయి. ఒక్కసారి కూడా అడగలేదు, తగ్గించమని. ప్రతిసారీ హెడ్మాస్టరు చేతే సంతకం పెట్టించుకుని వెళ్ళేది. ఆయన చేశాడని ఆయనకు తెలియాలి కదా.

ఏడాది చివర ఎనిమిది బిలో అందరూ ఏమీ పాసైపోలేదు. కొందరు తప్పారు. వాళ్ళ పేర్లు చదువుతుంటే మధ్యలో పోయిన ఆ వారాలు గుర్తొచ్చి ఆవిడ పళ్ళు కొరుక్కుంది. దూది పాసైంది, బొటాబొటీగా.

మళ్ళీ టైంటేబుల్ వేసే రోజులొచ్చాయి. ఈసారి కంప్యూటర్ సారు బటన్ నొక్కేముందు నియమాలన్నీ మీటింగులో చదవాలని అందరూ పట్టుబట్టారు. పొద్దున మొదలైన మీటింగు మధ్యాహ్నం దాకా తెగలేదు. డ్రిల్లు మాస్టారూ సంగీతం టీచరూ మైదానం కోసం అరుచుకున్నారు. కుట్టుపని టీచరు తన గదికి వెలుతురున్న గంటలే కావాలని కూర్చుంది. నిప్పుకోడి పాత పిల్లలు నిప్పుకోడికే ఉన్నారు, కానీ తొమ్మిది బికి లెక్కలు పొద్దున్నే పెట్టాలని ఆవిడ అడిగింది. చిన్న టీచరు లేచి, "మేడమ్, పొద్దున గంటలు పదో తరగతి లెక్కలకి కావాలి. మీకిస్తే ఆ గంటకి సైన్సు సారు మా క్లాసుకి వచ్చేస్తారు, నేను వెనక్కి పోతాను. ఈసారి నేను వదలను" అంది. చేతులెత్తమన్నారు. ఎక్కువ చేతులు చిన్న టీచరు వైపు లేచాయి. నిప్పుకోడికి ఆఖరి పీరియడ్ మిగిలింది.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు గుమ్మం బయట ఎడాపెడా విడిచింది. భర్త పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఈసారి ఎవరి మీద?"

"చాలామంది మీదండీ. ఒక్కొక్కళ్ళనీ చెప్తాను, కూర్చోండి."